అల్జీమర్స్‌ను పసుపు పట్టిస్తుందా? మెరిసే సహజ రంగులు చూపేదెంత, చూపలేనిదెంత

క్లుప్తంగా: పసుపులోని కర్క్యుమిన్ అనే పదార్థం అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బు ఉన్నవారి మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రొటీన్ ముద్దలకు అంటుకుని, నీలి కాంతి పడినప్పుడు మెరుస్తుంది. ఇది ప్రయోగశాలల్లో రుజువైన విషయం. బతికున్న మనిషి మెదడులో ఆ మెరుపును బయటి నుంచి చూడటానికి పుర్రె అడ్డం. అందుకే శాస్త్రవేత్తలు కంటి వెనుక గోడ అయిన రెటీనా వైపు తిరిగారు. ఆ పరీక్ష ఇంకా పరిశోధన దశ దాటలేదు. ముద్దను చూపించే గుణానికీ, జబ్బును నయం చేసే గుణానికీ సంబంధం లేదు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో మతిమరుపుతో ఉన్న పెద్దలకు ఈ రోజు ఉపయోగపడేవి వేరే పరీక్షలు. వాటిలో చాలావరకు తక్కువ ఖర్చుతో అయ్యేవే.

పసుపు, అల్జీమర్స్ అన్న రెండు మాటలు కలిసి ఈ మధ్య రెండు రకాలుగా తిరుగుతున్నాయి. పసుపు మాత్ర వేసుకుని కంటి ఫొటో తీయించుకుంటే జబ్బు పదేళ్ల ముందే బయటపడుతుందన్నది ఒకటి. రోజూ పాలల్లో పసుపు కలిపి తాగేవాళ్లకు ఆ జబ్బే రాదన్నది రెండోది. మొదటి మాట వెనుక నిజమైన పరిశోధన ఉంది, కాకపోతే దాన్ని ఉన్నదానికంటే చాలా పెద్దది చేసి చెబుతున్నారు. రెండో మాటకు అలాంటి ఆధారం లేదు. రెండూ ఒకే ఫార్వర్డ్‌లో కలిసి వచ్చేసరికి వినేవాళ్లకు తేడా తెలియడం లేదు. ఇంట్లో పెద్దవాళ్ల మతిమరుపును చూస్తూ దారి తోచని కుటుంబాలకు ఈ తేడా తెలియడం చాలా అవసరం.

మెదడులో పేరుకునేది ఏమిటి

1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో 51 ఏళ్ల మహిళ ఒకామె చేరింది. తన పేరు రాయమంటే సగంలోనే మరిచిపోయేది. ఆమె 1906లో చనిపోయాక అలోయిస్ అల్జీమర్ అనే వైద్యుడు ఆమె మెదడు ముక్కలకు వెండి లవణాలతో రంగు పట్టించి మైక్రోస్కోపులో చూశాడు. నరాల కణాల బయట ముద్దలు, కణాల లోపల చిక్కుపడిన పోగులు కనిపించాయి. ఈ జబ్బు వైద్య చరిత్రకెక్కిందే రంగు వేయడం వల్ల. రంగు లేకపోతే ఆ ముద్దలు చుట్టూ ఉన్న కండలో కలిసిపోయి కంటికి ఆనవు.

బయటి ముద్దల్లో ఉండేది బీటా అమిలాయిడ్. నరాల కణాల పొరలో ఉండే ఒక పెద్ద ప్రొటీన్‌ను శరీరంలోని రెండు ఎంజైములు కత్తిరిస్తే వచ్చే చిన్న తునక అది. తునకలో 40 లేదా 42 అమైనో ఆమ్లాలు ఉంటాయి. 42 ఉన్న తునక మరింత జిగురు. ఒకదానికొకటి అంటుకుని గుంపులవుతాయి, గుంపులు పోగులవుతాయి, పోగులు ముద్దలవుతాయి. లోపలి చిక్కులు టావ్ అనే మరో ప్రొటీన్‌వి. అమిలాయిడ్ పేరుకోవడం మతిమరుపు బయటపడటానికి 15 నుంచి 20 ఏళ్ల ముందే మొదలవుతుంది. 70 ఏళ్ల వయసులో పొయ్యి మీద పాలు మరిచిపోతున్న మనిషి మెదడులో ఆ పని 50 దాటినప్పుడే మొదలై ఉండొచ్చు. ముందే కనిపెట్టాలన్న తపనంతా ఈ ఖాళీ కాలం గురించే.

అయితే ముద్దలున్న ప్రతి ఒక్కరికీ జబ్బు రాదు. జ్ఞాపకశక్తి బాగానే ఉన్న వృద్ధుల్లో కూడా సుమారు ఐదో వంతు నుంచి మూడో వంతు మందిలో అమిలాయిడ్ కనిపిస్తుంది. ఏ రంగు పరీక్ష గురించి విన్నా ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి. రంగు ముద్దను చూపిస్తుంది. మతిమరుపును కొలవదు.

నూలు రంగు నుంచి నరాల దాకా

అమిలాయిడ్‌ను పట్టించిన తొలి రంగులు వైద్యం కోసం పుట్టినవి కావు, బట్టల కోసం పుట్టినవి. 1884లో జర్మనీలో కాంగో రెడ్ అనే రంగు బయటికొచ్చింది. అంతకుముందు నూలుకు రంగు నిలవాలంటే పటిక, కరక్కాయ వంటివి ముందు పట్టించాలి. పాటూరు, చీరాల నేతగాళ్ల పెద్దలకు ఈ పద్ధతి బాగా తెలుసు. కాంగో రెడ్‌కు ఆ అవసరం లేకపోయింది. నూలు చిలపను రంగు నీళ్లలో ముంచితే నేరుగా పట్టేది.

కారణం దాని ఆకారం. కాంగో రెడ్ అణువు పొడుగ్గా, చదునుగా ఉంటుంది. నూలులోని సెల్యులోజ్ కూడా పక్కపక్కన పేర్చిన పొడవాటి గొలుసులే. రంగు అణువు ఆ గొలుసుల వెంట పడుకుని అతుక్కుపోతుంది. అమిలాయిడ్ పోగులోనూ ఇలాంటి అమరికే ఉంది. అందులో ప్రొటీన్ తునకలు నిచ్చెన మెట్లలా ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటాయి. మెట్టుకూ మెట్టుకూ మధ్య దూరం 0.47 నానోమీటర్లు (నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షలో వంతు). ఈ పేర్పు వల్ల పోగు పొడవునా సన్నటి గాడులు ఏర్పడతాయి. పొడుగ్గా, చదునుగా ఉన్న రంగు అణువు ఆ గాడిలో ఇమిడిపోతుంది. మామూలు ప్రొటీన్లు ఉండలుగా చుట్టుకుని ఉంటాయి కాబట్టి వాటిలో అలాంటి గాడి ఉండదు, రంగు పట్టదు.

1922లో బెన్‌హోల్డ్ అనే వైద్యుడు కాంగో రెడ్ అమిలాయిడ్‌ను పడుతుందని చూపించాడు. 1927లో బెల్జియంకు చెందిన దివ్రీ, ఈ రంగు పట్టిన అమిలాయిడ్ ధ్రువిత కాంతిలో, అంటే ఒకే దిశలో కంపించే కాంతిలో, ఆకుపచ్చగా మెరుస్తుందని గమనించాడు. ఇప్పటికీ పాథాలజీ ల్యాబుల్లో అమిలాయిడ్ ఉందని తేల్చి చెప్పడానికి ఈ ఆకుపచ్చ మెరుపే ఆధారం. కాంగో రెడ్ మాత్రం మనిషికి ఎక్కించదగినది కాదు. అది బెంజిడీన్ నుంచి తయారవుతుంది, బెంజిడీన్ క్యాన్సర్ కారకం. బట్టల్లో కూడా బెంజిడీన్ రంగుల వాడకాన్ని మన దేశం 1990ల్లో నిషేధించింది.

తరువాత 1959లో థయోఫ్లేవిన్-టి అమిలాయిడ్‌ను చూడటానికి వాడకంలోకి వచ్చింది. ఇదీ బట్టల రంగే. ఇది అమిలాయిడ్‌కు అంటుకున్నప్పుడు ఫ్లోరొసెన్స్ ఇస్తుంది, అంటే ఒక రంగు కాంతిని పీల్చుకుని మరో రంగు కాంతిని వదులుతుంది.

పసుపు ఈ వరుసలోకి వచ్చేది ఇక్కడే. సహజ రంగుల్లో ఎక్కువ వాటికి పటిక కావాలి. పటిక లేకుండానే నూలుకు పట్టే కొద్ది రంగుల్లో పసుపు ఒకటి. పెళ్లికి పంచెను పసుపు నీళ్లలో ముంచితే చాలు, రంగు వచ్చేస్తుంది. కర్క్యుమిన్ అణువు కూడా పొడుగ్గా, చదునుగా, రెండు చివరలా ఉంగరాల్లాంటి నిర్మాణాలతో ఉంటుంది. నూలును పట్టే గుణం, అమిలాయిడ్‌ను పట్టే గుణం దానికి ఒకే చోటు నుంచి వచ్చాయి. 2005లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్ పరిశోధకులు కర్క్యుమిన్ అమిలాయిడ్ ముద్దలకు అంటుకుంటుందని ఎలుకల్లో చూపించారు. 2007లో బోస్టన్ పరిశోధకులు బతికున్న ఎలుకల రక్తంలోకి కర్క్యుమిన్ ఎక్కించి, ప్రత్యేక మైక్రోస్కోపుతో మెదడులోని ముద్దలు మెరవడం చూశారు.

మెరుపు ఎలా పుడుతుంది

ఈ మెరుపును చూడటానికి పెద్ద ల్యాబు అక్కర్లేదు. కిరాణా కొట్లలో, బట్టల షాపుల్లో నకిలీ నోట్లను కనిపెట్టే ఊదారంగు దీపం ఉంటుంది. చిటికెడు పసుపును గాజు గ్లాసులో మంచినీళ్లలో కలిపి ఆ దీపం కింద పెడితే పెద్దగా తేడా కనిపించదు. అదే చిటికెడును ఆసుపత్రుల్లో వాడే స్పిరిట్‌లో కలిపి, మడ్డి అడుక్కి దిగాక పైతేటను దీపం కింద పెడితే లేత ఆకుపచ్చ కలిసిన పసుపు వెలుగు లేస్తుంది. స్పిరిట్‌కు నిప్పు అంటుకునే గుణం ఉంది కాబట్టి మంటకు దూరంగా, పెద్దవాళ్ల చేతుల మీదుగా చేయాల్సిన పని ఇది.

నీళ్లలో ఎందుకు మెరవదు? కాంతి పడినప్పుడు కర్క్యుమిన్ అణువు శక్తిని పీల్చుకుంటుంది. నీటి అణువులు చుట్టూ ఉంటే ఆ శక్తి కదలికలుగా, వేడిగా వాటికే పోతుంది. స్పిరిట్‌లోనో కొవ్వులోనో ఉంటే ఆ నష్టం తక్కువ, మిగిలిన శక్తి వెలుగుగా బయటికొస్తుంది. అమిలాయిడ్ పోగులోని గాడి కూడా నీటికి చోటివ్వని జాగా. పైగా అందులో ఇరుక్కున్న అణువు ఇష్టం వచ్చినట్టు మెలితిరగలేదు. అందువల్ల రక్తంలో, కణాల మధ్య ద్రవంలో మసకగా ఉన్న రంగు ముద్దకు అంటుకోగానే ప్రకాశిస్తుంది. ఎప్పుడూ మెరిసే రంగు అయితే మెదడంతా ఒకేలా వెలిగి ముద్ద ఎక్కడుందో తెలియదు. అంటుకున్నప్పుడే మెరవడం అన్న ఈ గుణం వల్లనే ఇవి పరీక్షకు పనికొచ్చే రంగులయ్యాయి.

కర్క్యుమిన్ నీలి కాంతిని, అంటే 420–430 నానోమీటర్ల ప్రాంతంలోని కాంతిని బాగా పీల్చుకుని, 500 దాటాక ఆకుపచ్చ వైపు కాంతిని వదులుతుంది. ప్రయోగశాలలో గాజు పలక మీద పెట్టిన మెదడు ముక్కకు ఇది సరిపోతుంది. మనిషి తలకు సరిపోదు.

అడ్డుగోడ పుర్రె

నీలి, ఆకుపచ్చ కాంతులను రక్తంలోని హిమోగ్లోబిన్ మింగేస్తుంది. మిగిలినదాన్ని చర్మం, ఎముక, మెదడు కండ చెల్లాచెదురు చేస్తాయి. ఎలుక పుర్రె మిల్లీమీటరు కూడా మందం ఉండదు, అవసరమైతే దాన్ని పలచగా అరగదీసి చిన్న కిటికీ చేస్తారు. మనిషి పుర్రె మందం సుమారు 6–7 మిల్లీమీటర్లు. దాని మీద చర్మం, కింద పొరలు, ఆ తరువాత మెదడు. జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్ అయితే ఇంకా లోతున, చెవుల పై భాగానికి సమంగా లోపలి వైపు ఉంటుంది. ఎలుకలో కనిపించిన మెరుపు మనిషిలో కనిపించకపోవడానికి కారణం ఇదే. ఎలుక మెదడు ఫొటోతో వచ్చే వార్తలు ఈ ఒక్క విషయాన్ని చెప్పకుండా వదిలేస్తుంటాయి.

కాంతి రంగును మార్చి ఈ అడ్డును కొంత దాటవచ్చు. ఎరుపులోనూ, దాన్ని దాటిన, కంటికి కనిపించని పరారుణ ప్రాంతంలోనూ, సుమారు 650 నుంచి 900 నానోమీటర్ల మధ్య, హిమోగ్లోబిన్, నీరు రెండూ కాంతిని తక్కువగా పీల్చుకుంటాయి. చీకట్లో టార్చ్‌లైటు మీద అరచెయ్యి పెడితే ఎరుపు ఒక్కటే ఇవతలికి రావడం అందరూ చూసిందే. ఈ సూత్రంతో 2009లో బోస్టన్ పరిశోధకులు కర్క్యుమిన్ అణువులో బోరాన్, ఫ్లోరిన్ చేర్చి, కొసలు మార్చి క్రానాడ్-2 అనే కొత్త రంగును తయారు చేశారు. అది అమిలాయిడ్‌కు అంటుకోగానే దాని వెలుగు 70 రెట్లు పెరిగింది, వదిలే కాంతి 805 నుంచి 715 నానోమీటర్లకు జరిగింది. మెరుపు పెరగడం, రంగు జరగడం రెండూ ఒకేసారి కనిపించాయి కాబట్టి అంటుకున్న రంగును అంటుకోని రంగు నుంచి వేరు చేయడం తేలికైంది. ఇంత చేసినా అది ఎలుకల వరకే. మనిషి తలలో ఐదారు సెంటీమీటర్ల లోతు నుంచి స్పష్టమైన బొమ్మ తీయగల కాంతి పద్ధతి ఇంకా రాలేదు.

ఇంకో సంగతి: క్రానాడ్-2ను సహజ రంగు అనడం సరికాదు. మూలం పసుపుదే, తయారీ ల్యాబుది. సహజ రంగులతో అల్జీమర్స్ పరీక్ష అని వచ్చే వార్తల్లో ఎక్కువ భాగం ఇలా మార్చిన అణువుల గురించే. మార్చకుండా వాడితే కర్క్యుమిన్‌కు నిలకడ తక్కువ. పసుపు బట్ట నాలుగు రోజులు ఎండలో ఆరేస్తే వెలిసిపోతుంది, సున్నం తగిలితే ఎర్రబడుతుంది. రక్తంలో ఉండే కొద్దిపాటి క్షారగుణం కూడా దానికి పడదు. శరీర ఉష్ణోగ్రత దగ్గర, రక్తంతో సమానమైన క్షారగుణం ఉన్న ద్రావణంలో అరగంటలో 90 శాతం విచ్ఛిన్నమైపోతుందని 1997లోనే కొలిచారు.

కన్ను అనే కిటికీ

మెదడుకు నేరుగా అతుక్కుని ఉండి, బయటి నుంచి కాంతి పంపి చూడగల చోటు ఒంట్లో ఒక్కటే ఉంది. అది కంటి వెనుక గోడ, రెటీనా. గర్భంలో పిండం ఎదిగేటప్పుడు మెదడు నుంచే అది పుట్టుకొస్తుంది. లాస్ ఏంజెలెస్‌కు చెందిన పరిశోధక బృందం ఒకటి అల్జీమర్స్‌తో చనిపోయినవారి రెటీనాలో అమిలాయిడ్ ముద్దలు ఉన్నాయని 2011లో ప్రకటించింది. 2017లో అదే బృందం 16 మందితో చిన్న పరీక్ష నిర్వహించింది. రక్తంలోకి బాగా చేరేలా కొవ్వు రేణువుల్లో పొదిగిన కర్క్యుమిన్‌ను వారికి కొన్ని రోజులు మింగించి, కంటి స్కానర్‌తో ఫొటోలు తీసింది. అల్జీమర్స్ ఉన్నవారి రెటీనాలో మెరిసే చుక్కలు ఎక్కువగా కనిపించాయి. పసుపు మాత్ర, కంటి ఫొటో అన్న వార్తకు మూలం ఇది.

16 మంది మీద చేసిన పరీక్షతో ఏ వైద్యుడూ ఒక మనిషికి జబ్బు ఉందని గానీ లేదని గానీ చెప్పలేరు. వేరే బృందాలు అల్జీమర్స్ రోగుల రెటీనాలను పరిశీలించినప్పుడు అలాంటి అమిలాయిడ్ ముద్దలు కనబడలేదని రాశాయి. కోసిన తీరు, వాడిన రంగు, చూసిన భాగం వేరు కావడం వల్ల ఈ తేడా వచ్చిందని ఒక వాదన. వివాదం తీరలేదు. దీనికి తోడు వయసు మీద పడ్డ కంట్లో సహజంగానే మెరిసే పదార్థాలు పేరుకుంటాయి. శుక్లం ఉంటే నీలి కాంతి లోపలికే సరిగా వెళ్లదు. చక్కెర జబ్బుతో రెటీనా దెబ్బతిన్నవాళ్లలో మచ్చలు వేరే ఉంటాయి. పొగాకు ఆరబెట్టే బ్యారన్ల పొగలోనూ, రొయ్యల చెరువుల గట్ల మీద ఎండలోనూ ఏళ్లు గడిపిన కళ్లలో ఏది అమిలాయిడ్ మెరుపో, ఏది కాదో తేల్చాలంటే అలాంటి కళ్ల మీదే పరీక్ష జరగాలి. కాలిఫోర్నియాలో జరిగిన పరీక్ష దానికి బదులు కాదు.

చూపించే గుణం వేరు, నయం చేసే గుణం వేరు

పసుపు ముద్దకు అంటుకుంటుంది కాబట్టి దాన్ని కరిగిస్తుందని అనుకోవడం సహజం. ఎలుకల్లో కొంత తగ్గినట్టు 2005 నాటి పరిశోధనలో కనిపించింది కూడా. మనుషుల్లో అలా జరగలేదు. 2012లో అమెరికాలో వెలువడిన ఒక పరీక్షలో తేలికపాటి నుంచి మధ్యస్థం దాకా అల్జీమర్స్ ఉన్న 36 మందికి 24 వారాలు కర్క్యుమిన్, లేదా ఉత్త మాత్ర ఇచ్చారు. జ్ఞాపకశక్తిలో తేడా రాలేదు. రక్తంలో దొరికిన కర్క్యుమిన్ అతి స్వల్పం. 2018లో 40 మందితో చేసిన మరో పరీక్ష వెలువడింది, అందులో కర్క్యుమిన్ తీసుకున్నవారికి జ్ఞాపకశక్తి కొంత మెరుగైందని రాశారు. వారు అల్జీమర్స్ రోగులు కారు, మామూలు వయసు మరుపు ఉన్నవారు.

మింగిన కర్క్యుమిన్ పేగుల నుంచి రక్తంలోకి సరిగా వెళ్లదు. వెళ్లిన కొంచెం కూడా కాలేయం దగ్గర రూపం మారి బయటికి పోతుంది. మిరియాలతో కలిపితే బాగా ఒంటబడుతుందన్న మాటకు ఆధారం ఉంది: బెంగళూరులో చేసిన 1998 నాటి పరిశోధనలో 2 గ్రాముల కర్క్యుమిన్‌తో మిరియాల్లో ఉండే పైపరిన్‌ను 20 మిల్లీగ్రాములు ఇస్తే రక్తంలో చేరిన మోతాదు 20 రెట్లు పెరిగింది. అయితే పైపరిన్ కాలేయం పనిని నెమ్మదింపజేయడం ద్వారానే ఇది సాధించింది. అదే కాలేయం బీపీ మాత్రలను, రక్తం పలచబడే మాత్రలను, మూర్ఛ మాత్రలను కూడా వదిలించాలి. రోజుకు ఐదారు మాత్రలు వేసుకునే 70 ఏళ్ల మనిషికి మిరియాల సారం కలిపిన పసుపు క్యాప్సూల్ కూరలో పసుపు లాంటిది కాదు. గాఢత పెంచిన ఇలాంటి క్యాప్సూళ్లతో కాలేయం దెబ్బతిన్న కేసులు ఇటలీలోనూ అమెరికాలోనూ నమోదయ్యాయి. వంటలో వేసే పసుపుతో ఆ భయం లేదు. అందులో కర్క్యుమిన్ ఉండేది సుమారు 3 శాతమే.

కర్క్యుమిన్ మెరుపు పరిశోధకులను కూడా తప్పుదారి పట్టించింది. కొత్త మందులను జల్లెడ పట్టే పరీక్షల్లో చాలావరకు వెలుగు మారితే మందు పనిచేసిందని లెక్క వేస్తారు. తానే మెరిసే పదార్థం అందులో పడితే ఏ పని చేయకపోయినా చేసినట్టు కనిపిస్తుంది. 2017లో రసాయన శాస్త్రవేత్తల బృందం ఒకటి ఈ విషయాన్ని విడమరిచి రాసింది. అప్పటికి 120కి పైగా మానవ పరీక్షలు జరిగినా, కట్టుదిట్టంగా జరిపిన ఒక్క పరీక్షలోనూ కర్క్యుమిన్ నెగ్గలేదని తేల్చింది. పరీక్ష రంగుగా దానికి ఉన్న బలమే మందుగా దాని గురించి పుట్టిన అపోహలకు ఒక కారణమైంది.

పసుపు తింటాం కాబట్టి భారతీయులకు ఈ జబ్బు తక్కువ అన్న మాట కూడా ఇక్కడే చూడాలి. హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో చేసి 2001లో ప్రచురించిన సర్వేలో అల్జీమర్స్ చాలా తక్కువగా నమోదైంది. ఆ లెక్కే పసుపు వాదనకు పునాది. తరువాత దేశవ్యాప్తంగా, మరింత లోతైన పరీక్షలతో చేసిన అధ్యయనం 2023లో వెలువడింది. 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి అన్ని రకాల డిమెన్షియా కలిపి ఉందని అది అంచనా వేసింది (డిమెన్షియా అంటే మతిమరుపు జబ్బులన్నిటికీ కలిపి పేరు, అల్జీమర్స్ వాటిలో ఒకటి). పసుపు వాడకం ఈ మధ్యలో తగ్గలేదు. మారింది సర్వే చేసిన తీరు, జనం బతికే వయసు.

2021 మే నెలలో కృష్ణపట్నంలో కరోనా మందు కోసం కిలోమీటర్ల కొద్దీ బారులు తీరిన జనాన్ని నెల్లూరు జిల్లా మరిచిపోలేదు. ఆసుపత్రిలో మంచం దొరకని రోజుల్లో దగ్గరలో కనిపించిన ఆశ వైపు మనుషులు కదిలారు. మందు లేని జబ్బు అని విన్న కుటుంబం పసుపు క్యాప్సూల్ సీసా కొనడానికీ కారణం ఇంతకంటే వేరు కాదు. వారికి కావలసింది మందలింపు కాదు, పనికొచ్చే సమాచారం.

మరికొన్ని సహజ రంగులు

పసుపు ఒక్కటే కాదు. బిర్యానీ మసాలాలో వేసే రాతిపువ్వు ఒక లైకెన్. దాని బంధువులైన మరికొన్ని లైకెన్ల నుంచి ఓర్సీన్ అనే ఊదారంగు తీస్తారు. ఓర్సీన్‌కు సంబంధించిన ఒక అణువు విషపూరితమైన చిన్న అమిలాయిడ్ గుంపులను త్వరగా పెద్ద పోగులుగా మార్చి వాటి విషాన్ని తగ్గిస్తుందని జర్మనీ శాస్త్రవేత్తలు 2012లో చూపించారు. ముద్ద కంటే ముందు దశలోని గుంపులే నరాలకు ఎక్కువ చేటు చేస్తాయన్న ఆలోచనకు ఇది బలం చేకూర్చింది. మానుపసుపులో ఉండే బెర్బెరిన్ కూడా మెరిసే పదార్థమే. బెంగళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత పరిశోధనా కేంద్రం దాన్ని మార్చి అల్జీమర్స్ మీద పనిచేసే అణువును తయారు చేసే ప్రయత్నంలో ఉంది. అమిలాయిడ్‌ను చూపించే రంగుల మీదా అక్కడ చాలా ఏళ్లుగా పని జరుగుతోంది. ఇవన్నీ ల్యాబు దశలోవే.

మెరుపు బదులు రేడియో ధార్మికత

మనిషి మెదడులో అమిలాయిడ్‌ను చూసే పద్ధతి నిజానికి ఇప్పటికే ఉంది. అదీ రంగు నుంచే పుట్టింది. అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో క్లంక్, మాథిస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు థయోఫ్లేవిన్-టి నుంచి విద్యుదావేశాన్ని తీసేశారు. ఆవేశం ఉన్నంతకాలం అది రక్తనాళాల గోడ దాటి మెదడులోకి వెళ్లలేదు. తీసేశాక వెళ్లింది. వెలుగుకు బదులు దానికి రేడియోధార్మిక కార్బన్‌ను తగిలించారు. అది వదిలే కిరణాలకు పుర్రె అడ్డం కాదు. పిట్స్‌బర్గ్ కాంపౌండ్-బి అనే ఆ పదార్థంతో మనుషుల మెదడులోని అమిలాయిడ్‌ను పెట్ స్కాన్‌లో చూసిన ఫలితాలు 2004లో వచ్చాయి. రేడియోధార్మిక ఫ్లోరిన్‌తో చేసిన ఫ్లోర్‌బెటాపిర్‌కు 2012లో అమెరికా అనుమతి దొరికింది.

దూరం లెక్క ఇక్కడ ముఖ్యం. కార్బన్-11 ప్రతి 20 నిమిషాలకు సగమైపోతుంది. అది తయారైన భవనం దాటి బయటికి రావడమే కష్టం. ఫ్లోరిన్-18 ప్రతి 110 నిమిషాలకు సగమవుతుంది. చెన్నై నుంచి నెల్లూరుకు సుమారు 175 కిలోమీటర్లు. తయారీ తరువాతి తనిఖీ, లోడింగ్, ప్రయాణం కలిసి మూడున్నర గంటలు పట్టిందనుకుంటే బయల్దేరిన మోతాదులో నాలుగో వంతుకు కాస్త పైన మిగులుతుంది. ఒంగోలుకైతే ఇంకా తక్కువ. క్యాన్సర్ స్కాన్లకు వాడే పదార్థాన్ని ఇలా రోడ్డు మీద పంపడం మామూలే. అల్జీమర్స్ పదార్థానికి గిరాకీ తక్కువ, ఖర్చు ఎక్కువ కాబట్టి అది పెద్ద నగరాల్లోని కొద్ది కేంద్రాలకే పరిమితమవుతోంది. మెరిసే రంగుల మీద పరిశోధకులకు అంత ఆసక్తి ఉండటానికి ఇది ఒక బలమైన కారణం. రంగుకు రేడియోధార్మిక పదార్థాన్ని తయారు చేసే సైక్లోట్రాన్ యంత్రం అక్కర్లేదు, గంటల్లో ఆవిరైపోదు, రేడియేషన్ ఉండదు.

అమిలాయిడ్‌ను తొలగించే మందులు రావడంతో ఈ అవసరం పెరిగింది. 2023లో అమెరికాలో అనుమతి పొందిన లెకనెమాబ్ తొలి దశ రోగుల్లో 18 నెలల కాలంలో క్షీణతను 27 శాతం నెమ్మదింపజేసింది. జబ్బును ఆపలేదు, వెనక్కి తిప్పలేదు. మెదడులో వాపు, చిన్న రక్తస్రావాలు వచ్చే ప్రమాదం కూడా ఉంది. ఇచ్చే ముందు అమిలాయిడ్ ఉందని రుజువు కావాలి, ఇచ్చేటప్పుడు తరచూ ఎంఆర్‌ఐ తీయాలి.

నెల్లూరు, ఒంగోలులో ఈ రోజు చేయించుకోగలిగేవి

పింఛను డబ్బు తీసుకుని దిండు కింద పెట్టుకున్న పెద్దావిడ గంట తిరక్కుండా పింఛను ఇంకా రాలేదేమని అడుగుతుంది. నలభై ఏళ్లుగా చేస్తున్న పప్పులో ఉప్పు రెండుసార్లు వేస్తుంది. చూసేవాళ్లు చాదస్తం అనుకుని ఊరుకుంటారు. పిల్లలు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉంటే పండక్కి వచ్చినప్పుడు గానీ మార్పు కళ్లబడదు. పేరు వెంటనే తట్టకపోవడం, కళ్లజోడు ఎక్కడ పెట్టామో మరిచిపోవడం వయసుతో వచ్చేవే. కొత్త విషయం అసలు నిలవకపోవడం, తెలిసిన వీధిలో దారి తప్పడం, డబ్బు లెక్క చేతకాకపోవడం, అనుమానాలు పెరగడం పరీక్ష చేయించాల్సిన గుర్తులు.

ముందు చూడాల్సింది అల్జీమర్స్ లాగే కనిపించి, మందుతో తగ్గేవాటిని. బీ12 లోపం, థైరాయిడ్ తగ్గడం, సోడియం పడిపోవడం, దిగులు జబ్బు, తలకు చిన్న దెబ్బ తగిలి పుర్రె కింద నెమ్మదిగా గడ్డకట్టిన రక్తం, కొన్ని నిద్రమాత్రలు. నిన్నటిదాకా బాగున్న మనిషి రెండు రోజుల్లో గందరగోళంలో పడితే మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌ను అనుమానించాలి. రక్త పరీక్షలు, ఒక సీటీ లేదా ఎంఆర్‌ఐ స్కాన్ వీటిలో ఎక్కువవాటిని తేల్చేస్తాయి. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజనాసుపత్రుల స్థాయిలో జరగాల్సిన పనులివి. గిద్దలూరు నుంచి ఒంగోలుకైనా, ఉదయగిరి నుంచి నెల్లూరుకైనా వంద కిలోమీటర్లో అంతకు మించో ప్రయాణం తప్పదు కాబట్టి, రక్త పరీక్షలు దగ్గరలోనే చేయించి కాగితాలు, వాడుతున్న మాత్రల పట్టీలు వెంట తీసుకెళ్తే ఒక రాకపోక మిగులుతుంది.

జ్ఞాపకశక్తిని కొలిచే ప్రశ్నల పరీక్ష తెలుగులోనే ఉండటం అవసరం. చదువురాని పెద్దావిడను వాక్యం రాయమంటే వచ్చే సున్నా మార్కు జబ్బు గుర్తు కాదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) తెలుగుతో సహా ఐదు భారతీయ భాషల్లో ఇలాంటి పరీక్షలను తయారు చేయించింది. హైదరాబాద్ నిమ్స్‌లో కూడా తెలుగు పరీక్షల మీద పని జరిగింది. చెవుడు, శుక్లం, బీపీ, చక్కెర, పొగ, ఒంటరితనం వంటి 14 కారణాలను అదుపు చేస్తే ప్రపంచంలో డిమెన్షియాలో 45 శాతం దాకా తప్పించడమో వాయిదా వేయడమో సాధ్యమని లాన్సెట్ కమిషన్ 2024లో లెక్కగట్టింది. పసుపు క్యాప్సూల్ కంటే శుక్లం ఆపరేషన్‌కూ చెవి మిషన్‌కూ ఆధారం ఎక్కువ. వృద్ధుల కోసం ఉన్న జాతీయ సహాయ నంబరు 14567 తెలుగులోనూ పలుకుతుంది.

ముందు ఏం రావచ్చు

కంటి పరీక్ష నిలబడాలంటే మూడు జరగాలి. వందల మంది మీద పరీక్షించాలి. ప్రతి ఒక్కరి కంటి ఫొటోను పెట్ స్కాన్‌తో పోల్చాలి. ఫొటో చూసేవారికి ఎవరు రోగో ముందే తెలియకూడదు. అవి జరిగేలోపు రక్త పరీక్ష ముందుకు దూసుకొచ్చింది. రక్తంలో టావ్ ప్రొటీన్ ఒక ప్రత్యేక రూపానికీ, అమిలాయిడ్‌కూ ఉన్న నిష్పత్తిని కొలిచే పరీక్షకు 2025 మేలో అమెరికా అనుమతి ఇచ్చింది. మతిమరుపు లక్షణాలున్న, 55 ఏళ్లు దాటినవారికే దాన్ని వాడాలి. అలాంటి పరీక్ష ఇక్కడికి వస్తే ఉదయగిరిలో తీసిన రక్తాన్ని ఐస్ పెట్టెలో చెన్నైకి పంపవచ్చు, రోగి కదలక్కర్లేదు. ఈ రెండు జిల్లాల దూరాలకు రెటీనా స్కానర్ కంటే ఇదే ఎక్కువ కుదిరే దారిగా కనిపిస్తోంది.

దీనికీ ఒక చిక్కు ఉంది. మూత్రపిండాలు దెబ్బతిన్నవారి రక్తంలో ఈ టావ్ మోతాదు జబ్బు లేకపోయినా పెరుగుతుంది. కిడ్నీ బాధితులు ఎక్కువగా ఉన్నారని ఏళ్లుగా వింటున్న కనిగిరి పరిసర మండలాల్లో విదేశీ కొలతను ఉన్నదున్నట్టు వాడితే, అల్జీమర్స్ లేనివాళ్లకు ఉన్నట్టు ఫలితం రావచ్చు. పరీక్ష ఇక్కడికి వచ్చే రోజుకు మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ కూడా కలిపి చూసి, ఇక్కడి రక్తంతోనే హద్దులు కొత్తగా నిర్ణయించుకోవాలి.